రోజుకు పన్నెండు వేల మాటలు

గరువులంక అంగన్‌వాడీకి ఆ నెల కోడిగుడ్లు రాలేదు గానీ పెట్టెలు వచ్చాయి. ఇరవై రెండుమంది పిల్లలకు ఇరవై రెండు పెట్టెలు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, నీలం రంగువి, మెడలో వేసుకోవడానికి తాడుతో సహా ఉన్నాయి. వాటి వెనకే పద్నాలుగు పేజీల ఉత్తర్వు కూడా వచ్చింది. టీచరు వీరవేణి పదమూడు పేజీలు నిలబడి చదివింది. పద్నాలుగోది చదివి కూర్చుండిపోయింది.

ఉత్తర్వు సారాంశం ఇదీ. పసిపిల్లల ఎదుగుదలకు వాళ్ళ పరిసరమే మూలం. పరిసరాలన్నిటిలోకీ గొప్పది మాట. పెద్దవాళ్ళ మాటలు ఎన్ని చెవిన పడితే పిల్లల మెదడు అంతగా విచ్చుకుంటుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. మన అమ్మమ్మలు కూడా పిల్లలతో ఊసులాడమనే చెప్పారు. కాకపోతే అమ్మమ్మలకు ఒక శాఖ లేదు, శాఖకొక మండలి లేదు, మండలికి ఏడాది తిరిగేలోగా చూపించాల్సిన ప్రగతి లేదు. శైశవ పరిసర సమృద్ధి మండలికి ఇవన్నీ ఉన్నాయి. అందుచేత ప్రతి బిడ్డా కేంద్రంలో రోజుకు పన్నెండు వేల మాటలు, ఇంటి దగ్గర నాలుగు వేల మాటలు విని తీరాలని మండలి తీర్మానించింది. మెడలో పెట్టె పెద్దల గొంతు పట్టుకుని మాటలు లెక్కపెడుతుంది. లెక్క నిండితే పచ్చదీపం, నిండకపోతే ఎర్రదీపం వెలుగుతుంది.

పద్నాలుగో పేజీలో ఉన్నది ఒక్క వాక్యమే. నెల రోజుల పాటు గృహ పరిసరం సున్నగా నమోదైన యూనిట్లను, తల్లిదండ్రుల సమ్మతితో నిమిత్తం లేకుండా, జిల్లా కేంద్రంలోని సమృద్ధ పరిసర గృహానికి రెండేళ్ళపాటు తరలించవలెను. యూనిట్ అంటే మన భాషలో పిల్ల, లేదా పిల్లాడు.

వీరవేణి కూర్చున్నచోటి నుంచే కిటికీలోంచి చూసింది. కేంద్రాన్ని ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో గంగరత్నం కొబ్బరిపీచు తాడు పేనుతోంది. నడుముకు పీచుమూట కట్టుకుని, రెండు చేతులతో పీచు వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. ఆ చివర రాట్నం తిప్పుతున్నది నాలుగేళ్ళ కూతురు నాగశ్రీ. గంగరత్నం పుట్టుచెవుడు, మాట రాదు. మొగుడు ఎక్కడో పడమటి రేవుల్లో చేపల బోటు మీద పని చేస్తూ ఏడాదికి రెండుసార్లు వచ్చిపోతాడు. ఇంట్లో ఉండేది తల్లీ కూతురూ ఇద్దరే. ఆ ఇంట్లో నెల కాదు, నూరేళ్ళు పెట్టె పెట్టినా ఒక్క మాట పడదు.

అలాగని నాగశ్రీ నోరు లేని పిల్ల కాదు. తల్లితో చేతులతోనూ ఊరందరితో నోటితోనూ మాట్లాడుతుంది. పీచు తెచ్చే ఆసామితో, కూరలబండి వాడితో, కరెంటు మీటరు చూడవచ్చే కుర్రాడితో తల్లి తరఫున జవాబులు చెప్పేది అదే. తల్లి వేలు పైకెత్తితే రాట్నం ఆపుతుంది, అరచెయ్యి తిప్పితే జోరు పెంచుతుంది. పక్కనే ఆడుకునే పిల్లలంతా గంగరత్నం దగ్గర చేతిభాష కొంచెం కొంచెం పట్టేశారు. పదిహేనేళ్ళుగా పిల్లల్ని చూస్తున్న వీరవేణికి అంత చురుకైన పిల్ల తగల్లేదు. ఆ పిల్ల పెట్టె నంబరు పదిహేడు.

మండలాఫీసులో మూడు గంటల శిక్షణ జరిగింది. శిక్షణ ఇచ్చినవారు మండలి ప్రత్యేకాధికారి విశ్వమోహనరావుగారు. మాటల మహత్తు గురించి ఆయన మూడు గంటలూ తానొక్కరే మాట్లాడారు. చివర్లో వీరవేణి లేచి, పిల్లలు మధ్యలో ఏదైనా అడిగితే ఏం చెయ్యాలండీ అని వినయంగానే అడిగింది.

"ప్రశ్నించుట శైశవదశలో సహజ లక్షణమే," అన్నారాయన. "అయితే బిడ్డ మాట్లాడునప్పుడు పెద్దలు ఆగవలసి వచ్చును. తద్వారా శబ్ద ప్రవాహమునకు అంతరాయము. పైగా పరిసరమనగా బిడ్డ చుట్టూ ఉండునది. బిడ్డ మాట బిడ్డలోనిదే గాని పరిసరములోనిది కాదు కనుక లెక్కకు రాదు. అంతరాయములను కనిష్ఠ స్థాయిలో ఉంచుడు."

వినికిడి లేని తల్లి ఉన్న ఇంటి సంగతేమిటని కూడా ఆమె అడగబోయింది గానీ అప్పటికి టీ వచ్చింది.

మర్నాటి నుంచి వీరవేణి మాట్లాడటం మొదలుపెట్టింది. కథలు చెప్పింది, ఊళ్ళ పేర్లు చెప్పింది, వారాలు నెలలు నక్షత్రాలు చెప్పింది, కథలు అయిపోతే పప్పు డబ్బా మీద అచ్చు వేసిన షరతులు చదివింది. సాయంత్రానికి గొంతు పీచుపీచైపోయింది. పెట్టెలు చూస్తే మూడు వేల నాలుగు వందలు. ఇరవై రెండు ఎర్రదీపాలు.

ఆయా పల్లాలమ్మ వంట చేస్తూ వెనక గదిలో తన కోడలి గురించి తనలో తనే గొణుక్కుంటూ ఉంటుంది. గుమ్మం దగ్గర ఆడుకున్న నలుగురు పిల్లల పెట్టెల్లో మాత్రం ఆరు వేలు దాటిందని రెండో రోజు తేలింది. కోడలి పేరు మీద ఆరు వేల మాటలన్నమాట. వీరవేణి పల్లాలమ్మను గరిటెతో సహా హాల్లోకి తెచ్చి మధ్యలో కూర్చోబెట్టింది. వారం తిరిగేసరికి సగం పచ్చదీపాలు వెలిగాయి. పై అధికారులు పల్లాలమ్మను స్థానిక భాషా వనరుగా గుర్తిస్తూ ఒక కాగితం పంపారు. పల్లాలమ్మ ఆ కాగితాన్ని తీసుకెళ్ళి కోడలికి చూపించింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. మండలి వారికి ఇంకో జ్ఞానోదయమైంది. వ్యతిరేక పదాలు మెదడును ముడుచుకునేలా చేస్తాయి కనుక వద్దు, కాదు, లేదు, ఆగు వంటి ప్రతి మాటకూ పది మాటలు తీసివేస్తామని సవరణ ఉత్తర్వు వచ్చింది. పల్లాలమ్మ ఖాతా ఒక్క పూటలో సున్నకు కింద ఏడు వేలకు పడిపోయింది. కోడలి గురించి ఆమె దగ్గర వ్యతిరేకం కాని పదమే లేదు.

ఇక వీరవేణి కష్టం వేరే. లోవరాజు అనే మూడున్నరేళ్ళ ఘనుడు ఒకనాడు, చల్లారడానికి దించిన పప్పుగిన్నె వైపు కాలు ఎత్తాడు. వద్దు అంటే పది పోతాయి. "లోవరాజూ, కాలు నేల మీద ఉంటే ఎంత చక్కగా ఉంటుందో తెలుసా నాన్నా, నేల ఎంత చల్లగా..." అని ఆమె అందుకునేసరికి వాడు రెండో కాలు కూడా పప్పులో పెట్టి శ్రద్ధగా వింటున్నాడు. ఆ వాక్యానికి మాటలు మాత్రం పూర్తిగా పడ్డాయి. ఆ పూట పిల్లలు పప్పు లేకుండా చారన్నం తిన్నారు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వు రానిది ఒకటుంది. ఒకరోజు నాగశ్రీ వచ్చి ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని, "టీచరండీ, కప్పకి చెవులెక్కడుంటాయండి?" అని అడిగింది. వీరవేణి నక్షత్రాల్లో అనూరాధ దాకా వచ్చింది, పన్నెండు వేలకి ఇంకా నాలుగు వేలు బాకీ. పిల్ల ముఖంకేసి చూస్తూనే జ్యేష్ఠ, మూల, పూర్వాషాఢ అని సాగిపోయింది. నాగశ్రీ కాసేపు నిలబడి, కుచ్చెళ్ళు వదిలేసి, వెళ్ళి తల్లిని అడిగింది. తల్లి పీచు కింద పెట్టి, పిల్లను గుంట గట్టుకు తీసుకెళ్ళి కప్పను చూపించి, కంటి వెనకున్న గుండ్రటి బిళ్ళను పుల్లతో చూపించడం కిటికీలోంచి కనబడింది. వీరవేణికి సిగ్గేసింది. తాను చెయ్యాల్సిన పని అవతల జరుగుతోంది, ఇవతల తాను శ్రవణం ధనిష్ఠ అంటోంది.

ఇళ్ళలో లెక్క కూడా ఆ నెలే సాగింది. పెట్టెలు పిల్లలతోపాటు సాయంత్రం ఇంటికి వెళ్ళి పొద్దున తిరిగి వచ్చేవి. పదిహేడో నంబరు రోజూ సున్నతోనే వచ్చేది. పల్లాలమ్మ జాలిపడి వారంరోజులు పీచు గుట్ట మీద కూర్చుని, వద్దులూ కాదులూ లేకుండా నానా తంటాలు పడి మాట్లాడి వచ్చింది. అయినా సున్నే. ఇంటి లెక్కకు ఇంటి మనిషి గొంతే పనికొస్తుందట, ముందుగా నమూనా ఇచ్చి నమోదు చేయించుకున్న గొంతు. గంగరత్నం గొంతు నమూనా దగ్గర ఫారంలో అడ్డగీత ఉంది.

వీరవేణి ఈ విషయమంతా రాసి సూపర్‌వైజరు హైమావతిగారికి ఇచ్చింది. తల్లికి మాట రాదు గానీ బిడ్డకు లోటేమీ లేదు, స్వయంగా వచ్చి చూడండి అని రాసింది. హైమావతిగారు మంచావిడే. చదివి నిట్టూర్చి, ఫారంలో బిడ్డ ఎలా ఉందన్న గడి లేదమ్మా, పరిసరం ఎలా ఉందన్న గడే ఉంది, ఎక్కడ రాయమంటావు అన్నారు.

నెల నిండింది. తరలింపు కాగితం తయారవుతోందని కబురొచ్చింది. గంగరత్నానికి ఎలా చెప్పాలో వీరవేణికి తెలియలేదు. తెలియజెప్పగల మనిషి ఊరు మొత్తానికి నాగశ్రీ ఒక్కతే, ఆ సంగతి ఆ పిల్ల చేత చెప్పించడానికి మనసొప్పలేదు. ఊరుకుంది. ఊరుకున్నందుకు రోజూ తనను తాను తిట్టుకుంది.

ఈలోగా కేంద్రం లెక్కలు పడిపోతున్నాయని మండలి కొత్త మార్గం చూపింది. దాని పేరు శబ్దదాన్. ఊళ్ళో మాటకారులెవరైనా గొంతు నమూనా ఇచ్చి, కేంద్రానికి వచ్చి ఉచితంగా మాట్లాడి వెళ్ళవచ్చు. ముందుగా ఒక బీమా ఏజెంటు వచ్చాడు. ఆయన మాటల్లో మరణం అనే పదం మాటిమాటికీ వచ్చి ఉన్న లెక్క కూడా కోసుకుపోయింది. తర్వాత వచ్చినవాడు గొలకోటి దొరబాబు. కొబ్బరికాయల మార్కెట్లో వేలం పాడటం అతని వృత్తి. అతను మొదలుపెట్టాక పెట్టెలు వేడెక్కాయి.

"వెయ్యి కాయండి వెయ్యి కాయ, నీళ్ళకాయండి ముదురుకాయ, పాటెవరిదండి రాజుగారిదాండి, ఒకటోసారండి..." అని దొరబాబు ఊపిరి తీసుకోకుండా గంటకు తొమ్మిది వేలు కొట్టేవాడు. అన్నేసి అండీలను విడి మాటలుగా ఒప్పుకోవచ్చా అని పై నుంచి ఒక వివరణ కోరారు. మా గోదారోళ్ళం అండి లేకుండా అన్నమైనా తినం గానీ మాటాడలేమండీ అని దొరబాబు రాసిచ్చాడు. ప్రాంతీయ సంస్కృతి కింద మినహాయింపు దొరికింది.

వేలంపాట మొదలైన పది నిమిషాలకు పిల్లలు ఒక్కొక్కరే నేల మీదికి ఒరిగి నిద్రపోయేవారు. మొదట్లో వీరవేణి కంగారుపడింది. లెక్క చూస్తే ఆ రోజే మొదటిసారి ఇరవై రెండూ పచ్చదీపాలు. నిద్రపోయే పిల్లలు అడ్డు ప్రశ్నలు వెయ్యరు, పప్పులో కాలు పెట్టరు, వద్దు అనే అవసరమే రాదు. మండలి ఈ విశేషాన్ని గ్రహించి, గరువులంక పద్ధతి అని పేరు పెట్టి, జిల్లా అంతటా అమలు చెయ్యమంది. పిల్లలకు మాత్రం అలవాటైపోయింది. పెద్దవాళ్ళెవరైనా నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, చాప కోసం చూసేవారు.

నిద్రలో చొంగ కారి నాలుగు పెట్టెలు పాడయ్యాయి. లోవరాజు ఒకదాన్ని నమలడం కూడా జరిగింది. దాంతో పరికరాల భద్రత దృష్ట్యా పెట్టెలను పిల్లల మెడలో వేయరాదని, గోడకు మేకులు కొట్టి నంబరు వరసన తగిలించాలని, ధూళి, తేమ, పిల్లలు వాటికి తగలకుండా తలుపు మూసి ఉంచాలని ఆఖరి ఉత్తర్వు వచ్చింది. ఇది చదివాక వీరవేణి రెండోసారి చదవలేదు. మేకులు కొట్టించింది, పెట్టెలు తగిలించింది, దొరబాబును లోపల ఉంచి తలుపు మూసింది, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆ పైన రెండు నెలలు గరువులంక పిల్లలకు పండగే. ఇసకలో గుంటలు తవ్వారు, కొబ్బరిచిప్పలతో కొలతలు కొలిచారు, గంగరత్నం వెనక వరసగా నిలబడి వెనక్కి నడవడం నేర్చారు, ఎన్ని బారల తాడైందో వేళ్ళతో చెప్పారు. అడిగిన ప్రతి ప్రశ్నకూ వీరవేణి ఆగి, వాళ్ళ ఎత్తుకు వంగి, జవాబు చెప్పింది. తెలియకపోతే తెలియదని చెప్పింది. లోపల దొరబాబు పెట్టెలకు కాయలు అమ్ముతూనే ఉన్నాడు. ఆ త్రైమాసికంలో గరువులంక కేంద్రం రాష్ట్రానికి ప్రథమ స్థానంలో నిలిచింది.

ప్రథమ స్థానానికి శాలువా కప్పడానికి విశ్వమోహనరావుగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. అదే జీపులో తిరుగు ప్రయాణంలో పదిహేడో యూనిట్‌ను తీసుకువెళతారని కూడా ఆ కాగితంలోనే ఉంది. వీరవేణి ఆ రాత్రి తిండి ముట్టలేదు. ఇక ఆలస్యం చెయ్యలేక పొద్దున్నే గంగరత్నం ఎదుట కూర్చుని, నాగశ్రీని చూపించి, జీపు బొమ్మ గీసి, దూరంగా చెయ్యి చూపించింది. గంగరత్నం బొమ్మకేసి చూసింది, కూతురికేసి చూసింది. తర్వాత రాట్నం ఎత్తి తన ఇంటి గుమ్మానికి అడ్డంగా పెట్టి పిల్లను తన వెనక్కి తీసుకుంది.

విశ్వమోహనరావుగారు హైమావతిగారితో కలిసి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తెల్లవారి ఆరింటి నుంచి నాలుగు కేంద్రాల్లో నాలుగు ఉపన్యాసాలిచ్చి వస్తున్నారు. గోడ మీద వరసగా వెలుగుతున్న పచ్చదీపాలు చూసి ఆయన ముఖం వికసించింది. దొరబాబును కాసేపు ఆపించి పిల్లల్ని లోపలికి పిలిపించారు. ఇన్నాళ్ళకు గదిలోకి వచ్చిన పిల్లలు వింతగా చుట్టూ చూశారు. ఆయన నిలబడి గొంతు సవరించుకుని "ప్రియమైన శిశువులారా" అన్నారు. అంతే, ముందు లోవరాజు, వాడి వెనక మిగతావాళ్ళు, వరసగా నేల మీద పడుకుని కళ్ళు మూసుకున్నారు.

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు గానీ అధికారి అన్నవాడు తడబాటును కూడా ఫలితంగా మార్చుకోగలడు. "చూచితిరా, ఎంతటి శ్రవణ సంసిద్ధత," అని హైమావతిగారితో అని, పడుకున్న పిల్లలకు పాతిక నిమిషాలు ఉపన్యసించారు. వీరవేణికి శాలువా కప్పారు. ఆ చేత్తోనే ఒక కాగితం ఇచ్చి, పదిహేడో యూనిట్ అప్పగింత కింద సంతకం పెట్టమన్నారు.

"నేను పెట్టలేనండి," అంది వీరవేణి. "ఆ పిల్లకి వాళ్ళమ్మ దగ్గర ఏ లోటూ లేదండి. ఈ ఊళ్ళో ఆవిడంత బాగా పిల్లల్ని చూసేవాళ్ళని నేనెరగనండి. నాతో సహా చెప్తున్నాను."

"అమ్మా, తరలింపునకు సమ్మతితో నిమిత్తం లేదు," అన్నారాయన ఓర్పుగా. "సమ్మతితోనే నిమిత్తం లేనప్పుడు అసమ్మతితో మాత్రం ఏమి నిమిత్తం? సంతకము కేవలము మర్యాద కొరకు. సున్న అన్నది నా అభిప్రాయం కాదు, పరికరము యొక్క అభిప్రాయం."

అని ఆయన తానే గంగరత్నం ఇంటివైపు నడిచారు. వెనక వీరవేణి, హైమావతిగారు, పల్లాలమ్మ. గంగరత్నం గుమ్మంలో రాట్నానికి లోపలివైపు నిలబడి ఉంది. ఆయన రాట్నానికి బయటివైపు నిలబడి, బిడ్డ భవిష్యత్తు, మెదడు కణాలు, పరిసర దారిద్ర్యం గురించి మొదలుపెట్టారు. గంగరత్నం ఆయన నోటికేసి చూడలేదు, చేతులకేసి చూస్తోంది. మనం గొంతు వినేచోట ఆవిడ చేతులు చూస్తుంది, పుట్టిన దగ్గర్నుంచీ అదే అలవాటు. చూసి చూసి, రాట్నం పక్కకు జరిపి, కూతురివైపు తిరిగి గబగబా ఏదో చెప్పింది.

"ఏమంటోంది?" అన్నారాయన, వాక్యం మధ్యలో ఆగి.

"మీ చేతులొణుకుతున్నాయంటండి," అంది నాగశ్రీ. "పొద్దున్నుంచి మీకెవరూ అన్నం పెట్టలేదంటండి. కూకోమంటాందండి. చేపల పులుసుందంట."

విశ్వమోహనరావుగారు తన చేతులకేసి చూసుకున్నారు. నిజంగానే వణుకుతున్నాయి. చక్కెర జబ్బు మనిషి, ఉదయం నుంచి వేళకు ఏమీ తినలేదు. నాలుగు కేంద్రాల్లో ఆయన మాట వినని వారు లేరు గానీ ఆయనకేసి చూసినవారు ఒక్కరూ లేరు. హైమావతిగారు కూడా చూడలేదు, వీరవేణీ చూడలేదు. ఆయన గుమ్మంలో వేసిన పీట మీద కూర్చున్నారు.

గంగరత్నం ముందు ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది. తర్వాత కంచం పెట్టింది. ఆయన తలవంచుకుని తిన్నారు. మారు వడ్డించడానికి ఆవిడ గరిటె ఎత్తితే చాలన్నట్టు అరచెయ్యి అడ్డంపెట్టారు. ఆ సంజ్ఞ ఆయనకెవరూ నేర్పలేదు. నాగశ్రీ పక్కన కూర్చుని ముల్లు ఎలా తియ్యాలో చెబుతోంటే విన్నారు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారని హైమావతిగారు తర్వాత చెప్పారు.

చెయ్యి కడుక్కుని ఆయన కాగితం తీసి మళ్ళీ మొదటి నుంచి చదివారు. "ఉత్తర్వు రద్దు చేయు అధికారము నాకు లేదమ్మా," అన్నారు చివరికి, వీరవేణితో, చిన్న గొంతుతో. "పదిహేడు వెళ్ళవలసినదే. లేనిచో వేరొకరు వచ్చి తీసుకుపోదురు."

ఆయనకు నిజంగానే బాధగా ఉందని వీరవేణికి అర్థమైంది. ఆ బాధ వల్ల ప్రయోజనం లేదని కూడా అర్థమైంది. ఏడుపొచ్చింది.

పల్లాలమ్మ అంతవరకూ గుంజకు ఆనుకుని వింటోంది. జీపు డ్రైవరు దగ్గరికి వెళ్ళి, అబ్బాయ్, నీ కాగితంలో ఎక్కించుకోవాల్సింది ఏమని రాసుందో చదువు అంది. యూనిట్ నంబరు పదిహేడు, ఒకటి, మంచి స్థితిలో, అని చదివాడు డ్రైవరు. పేరుందా అని అడిగింది. పేరుకు గడి లేదన్నాడు. ఆడా మగా అని ఉందా అంది. అదీ లేదన్నాడు. పల్లాలమ్మ కేంద్రంలోకి వెళ్ళి, దొరబాబును ఒక్క నిమిషం నోరు ముయ్యమని, గోడ మీది పదిహేడో పెట్టెను మేకు నుంచి తీసుకొచ్చింది.

"టీచరుగోరూ, ఈ ఆఫీసోళ్ళకి పిల్లెవరో పెట్టేదో తెలీదండి," అంది. "రెండు నెల్లబట్టీ మనం పాటాలు సెప్పింది ఈటికే కదండీ. పంపాల్సొస్తే సదువుకున్నదాన్నే పంపుదాం."

జీపు వెనక సీటు మీద తుండుగుడ్డ పరిచి దాని మీద పెట్టెను కూర్చోబెట్టింది. వీరవేణి కళ్ళు తుడుచుకుని, కాగితం తీసుకుని, మంచి స్థితిలో అప్పగించడమైనది అన్న దాని కింద సంతకం చేసింది. విశ్వమోహనరావుగారు జీపెక్కబోతూ వెనక సీటు చూశారు. పెట్టె పచ్చదీపం వెలిగించుకుని బుద్ధిగా ఉంది. ఆయన వీరవేణికేసి చూశారు, గుమ్మంలో తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ నాగశ్రీకేసి చూశారు, కాగితం మీద సంతకం చూశారు. గొంతు సవరించుకోబోయి మానుకున్నారు.

"ఎండ తగులుచున్నది, ఆ అద్దము పైకెత్తుము," అని మాత్రం డ్రైవరుతో అన్నారు. జీపు వెళ్ళిపోయింది.

సమృద్ధ పరిసర గృహంలో పదిహేడో నంబరుకు ఒక మంచం, ఒక పళ్ళెం, రెండు జతల బట్టలు కేటాయించారు. మిగతా మంచాల మీద కూడా పెట్టెలే ఉన్నాయో, నిజంగా పిల్లలే ఉన్నారో కనుక్కోవడం వీరవేణి తరం కాలేదు. అది తలుచుకుంటే మాత్రం ఆమెకు అన్నం సయించదు. ఆ బెంగ తోటి టీచర్లకు చెప్పుకుంది. ఎవరి కేంద్రం గోడ మీద ఏ మేకు ఖాళీగా ఉందో వాళ్ళు వచ్చి ఆమె చెవిలో చెప్పారు. లెక్కపెడితే జిల్లాలో తొమ్మిది ఖాళీ మేకులు తేలాయి, ఆ తొమ్మిదిమంది పిల్లలూ ఇళ్ళలోనే ఉన్నారు. అంతమందికీ ఇంగితం ఉందన్నమాట, అడిగే గడే లేదు గానీ.

ప్రతి మూడు నెలలకూ ప్రగతి పత్రం వచ్చేది. పదిహేడో యూనిట్ శ్రద్ధగా వింటున్నది, తోటివారితో తగవులు లేవు, ఇంటి బెంగ పెట్టుకొనలేదు అని రాసేవారు. రెండేళ్ళు నిండే నాటికి నాగశ్రీ ఊరి బడిలో ఒకటో తరగతిలో చేరి, అక్కడి మాస్టారుకు ప్రశ్నలతో ఊపిరాడకుండా చేస్తోంది. అప్పుడు ఒక పెద్ద అధికారి, ఈసారి ఆయనెవరో కొత్తాయన, కారులో గంగరత్నం ఇంటికి వచ్చారు. ఆయనకు మంగళకరమైన వార్త చెప్పే భాగ్యం కలిగిందట. పదిహేడో యూనిట్ రాష్ట్రంలోకెల్లా అత్యున్నత వికాసం సాధించిందట. దాన్ని రాజధానిలో ప్రతిభా కేంద్రానికి పంపి పదేళ్ళపాటు పోషించాలని మండలి సంకల్పించిందట. ఇంత కాలం బిడ్డకు దూరమైన మాతృమూర్తి త్యాగాన్ని మండలి మరచిపోదట. ఈసారి మాత్రం సమ్మతి కావాలట, వేలిముద్ర వెయ్యాలట.

గంగరత్నం నడుముకు పీచుమూటతో నిలబడి ఆయన్ను ఆపాదమస్తకం చూసింది. కూతురు రాట్నం ఆపి చేతులతో సంగతంతా చెప్పింది. తల్లి చూసి, చేతిలో పీచు తెగకుండానే, రెండు వేళ్ళతో ఏదో క్లుప్తంగా చెప్పి వెనక్కి నడవసాగింది.

"ఏమంటున్నారమ్మా మీ అమ్మగారు?" అన్నారు అధికారి ఆర్ద్రంగా.

నాగశ్రీ మళ్ళీ రాట్నం అందుకుంది.

"అది మీ పిల్లేనంటండి," అంది. "మీ దగ్గరే ఉంచేసుకోమంటాందండి."